సంతకం పెట్టినవారు చూశారా?

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్‌లో దిగి చైతన్యపురి వైపు నడిస్తే రెండు పక్కలా బోర్డులే. గ్రూప్స్, ఎస్సై, కానిస్టేబుల్, డీఎస్సీ, బ్యాంకు పరీక్షలు. వాటిని ఆనుకునే జావా, పైథాన్, టెస్టింగ్, ట్యాలీ, స్పోకెన్ ఇంగ్లిష్. వెనక గల్లీల్లోకి వెళ్తే హాస్టళ్లు, హాస్టళ్ల నడుమ స్టడీ హాళ్లు. నెలకింతని కట్టి ఒక కుర్చీ, ఒక బల్ల, ఫోను ఛార్జింగు పెట్టుకునే ఒక ప్లగ్గు అద్దెకు తీసుకున్న పిల్లలు పొద్దున్నించి రాత్రి పొద్దుపోయేదాకా అక్కడే కూర్చుంటారు. దేవరకొండ నుంచి, సూర్యాపేట నుంచి, కల్వకుర్తి నుంచి, అచ్చంపేట నుంచి వచ్చినవాళ్లు. సాగర్ రోడ్డు బస్సయినా, విజయవాడ రోడ్డు బస్సయినా ఎల్బీ నగర్ చౌరస్తాకే చేరుస్తుంది కాబట్టి, ఊరు విడిచిన పిల్లలకు ఈ తూర్పు వైపే మొదటి మజిలీ.

వీళ్లలో చాలామంది డిగ్రీ పూర్తి చేసినవాళ్లే. బీకాం పాసైన అబ్బాయి ట్యాలీ నేర్చుకోవడానికి ఇక్కడికొస్తాడు. కంప్యూటర్ సైన్సులో బీటెక్ చేసిన అమ్మాయి జావా నేర్చుకోవడానికి వస్తుంది. బీఎస్సీ మ్యాథ్స్ చదివిన కుర్రాడు శాతాలు, లాభనష్టాలు, కాలం-పని లెక్కల కోసం అర్థమెటిక్ క్లాసులో ముందు బెంచీ వెతుక్కుంటాడు. మూడేళ్లో నాలుగేళ్లో చదివి, పట్టా చేతికొచ్చాక, ఆ పట్టా మీద వచ్చునని రాసి ఉన్నదాన్నే మళ్లీ డబ్బు కట్టి నేర్చుకుంటున్నారు. పిల్లలు సరిగా చదవలేదని తేలిగ్గా తీసిపారేసేవాళ్లు ఉన్నారు. మేం అలా అనుకోవడం లేదు. పట్టా అబద్ధం ఆడినప్పుడు ఆ అబద్ధం ఎవరిదో తేల్చకుండా, దాన్ని చేతిలో పట్టుకున్న పిల్లవాణ్ని నిలదీయడం న్యాయం కాదు.

ఈ రోడ్డుకు అంత దూరమేమీ లేని ఎల్బీ నగర్‌లో రంగారెడ్డి జిల్లా కోర్టులున్నాయి. అక్కడ బోనెక్కిన సాక్షిని ఏ లాయరైనా తప్పకుండా అడిగే మాట ఒకటుంది: నువ్వు కళ్లారా చూశావా? 1872 నాటి సాక్ష్య చట్టం చెప్పిందీ అదే, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం చెప్పేదీ అదే. చూసిన సంగతి చూసినవాడే చెప్పాలి, విన్న సంగతి విన్నవాడే చెప్పాలి. డిగ్రీ పట్టా కూడా ఒక సాక్ష్యమే. ఫలానా అమ్మాయి ఫలానా శాస్త్రం చదివింది, ఆమెకు అది వచ్చు అని ఒక విశ్వవిద్యాలయం లోకానికి ఇచ్చే వాంగ్మూలం. అందుకే ఆ పట్టా గురించి అడగాల్సిన ప్రశ్న కూడా ఆ కోర్టు ప్రశ్నే. సంతకం పెట్టినవాళ్లు చూశారా?

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. మరుసటి ఏడాది గన్‌ఫౌండ్రీలో తరగతులు మొదలైనప్పుడు చేరిన విద్యార్థులు 225 మంది, చెప్పేవాళ్లు 25 మంది. తొమ్మిది మందికి ఒక గురువు. ఏ పిల్లవాడు ఎలాంటివాడో, ఎవరికి లెక్క తడుతుందో, ఎవరు బట్టీ పడుతున్నారో ఆ గురువుకు తెలియకుండా పోదు. ఇవాళ అదే విశ్వవిద్యాలయం పేరు మీద వందల అనుబంధ కాలేజీల పిల్లలు పట్టాలు అందుకుంటున్నారు. వాళ్లలో ఎంతమంది ఆర్ట్స్ కాలేజీ మెట్లు ఎక్కి ఉంటారు? విశ్వవిద్యాలయం వాళ్లను చూసింది జవాబు పత్రాల్లోనే. అదీ పేరు కనబడకుండా కోడ్ నంబరు వేసిన పత్రాల్లో, గంటకు ఇన్ని దిద్దాలన్న తొందరలో.

ఇది ఉస్మానియా ఒక్కదాని కథ కాదు. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు లండన్ విశ్వవిద్యాలయం పద్ధతిలో మొదలైనప్పుడే పునాది ఇలా పడింది. పాఠం చెప్పేది ఒకరు, పరీక్ష పెట్టి పట్టా ఇచ్చేది ఇంకొకరు. పాఠం చెప్పేవాడి మీద నమ్మకం లేనప్పుడు ఈ ఏర్పాటులో ఒక రక్షణ ఉంది, కాదనలేం. ఊళ్లో పలుకుబడి ఉన్నవాడి కొడుక్కీ, కూలివాడి కొడుక్కీ ఒకే ప్రశ్నపత్రం రావడం ఈ దేశంలో చిన్న సంగతి కాదు. కానీ ఆ రక్షణ కోసం ఇచ్చుకున్న మూల్యం కూడా పెద్దదే. పిల్లవాణ్ని ఎరిగినవాడికి సంతకం లేదు, సంతకం ఉన్నవాడు పిల్లవాణ్ని ఎరగడు.

ఎరిగినవాడికి సంతకం ఉన్నచోటైనా సాక్ష్యం నిలబడుతోందా అంటే, ఇంజినీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టు రిపోర్టు ఒకటి తెరిచి చూడండి. మొదటి పేజీల్లోనే ఒక ధ్రువపత్రం ఉంటుంది. ఫలానా హాల్‌టికెట్ నంబర్ల విద్యార్థులు మా పర్యవేక్షణలో స్వయంగా చేసిన పని ఇది, అని. కింద గైడు సంతకం, హెచ్‌ఓడీ సంతకం, బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ సంతకం. అమీర్‌పేటలోనూ, దిల్‌సుఖ్‌నగర్‌లోనూ బీటెక్, ఎంటెక్, ఎంసీఏ ప్రాజెక్టులు తయారుగా దొరుకుతాయని నగరంలో తెలియనివాళ్లు తక్కువ. కోడ్ ఇస్తారు, రిపోర్టు ఇస్తారు, వైవాలో ఏం అడిగితే ఏం చెప్పాలో కూడా నేర్పి పంపుతారు. నలుగురు పిల్లల బ్యాచ్ డబ్బులు పంచుకుని కొనుక్కుంటుంది. పక్క షాపులో బంగారు రంగు అక్షరాలతో హార్డ్ బైండింగ్ చేయించుకుంటే పని పూర్తయినట్టే. ల్యాబు రికార్డుల సంగతీ అంతే. సీనియర్ రికార్డు జూనియర్ చేతికొస్తుంది, రీడింగులతో సహా.

అదే తరగతిలో సొంతంగా చేసే పిల్లలూ ఉంటారు. హాస్టల్ గదిలో రాత్రుళ్లు మేలుకుని, పనిచేయని సర్క్యూటుతో తంటాలు పడి, చివరికి సగమే పనిచేసేదాన్ని తీసుకొచ్చి సిగ్గుపడుతూ బల్లమీద పెడతారు. వాళ్లకూ అదే ధ్రువపత్రం, అవే సంతకాలు. మార్కులు ఒక్కోసారి కొనుక్కున్నవాళ్లకంటే తక్కువ. దొంగ సాక్ష్యం మొదట దెబ్బతీసేది ఈ పిల్లల్నే. కొనుక్కున్నవాడికి పట్టా విలువ తగ్గినా పోయేది డబ్బే. చేసినవాడికి తన చేతిపని మీద ఉన్న గౌరవమే పోతుంది.

ఇక్కడ అధ్యాపకుణ్ని ఒక్కణ్నే దోషిగా నిలబెట్టలేం. చాలా ప్రైవేటు కాలేజీల్లో జీతం నెలనెలా చేతికి రాదు. ప్రభుత్వం పిల్లల తరఫున కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని యాజమాన్యం అంటుంది, ఇచ్చేస్తామని ప్రభుత్వం అంటుంది, మధ్యలో లెక్చరర్ ఇంటి అద్దె ఆగదు. అడ్మిషన్ల కాలంలో అదే లెక్చరర్‌ను ఊళ్లమీదికి పంపి పిల్లల్ని చేర్పించి రమ్మంటారు. అలాంటి మనిషిని, నీ కింద ఉన్న బ్యాచులన్నిటినీ దగ్గరుండి చూశావా అని అడిగే నైతిక హక్కు అడిగేవాళ్లకు ముందు ఉండాలి.

సాక్షి మీద నమ్మకం పోయినప్పుడు లోకం ఇంకో సాక్షిని వెతుక్కుంటుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీ తన పరీక్ష తను పెట్టుకుంటుంది. బ్యాంకు తన పరీక్ష తను పెట్టుకుంటుంది. విచిత్రంగా, ఈ విశ్వవిద్యాలయాలను నడిపే ప్రభుత్వమే తన పట్టాను తను నమ్మకుండా మళ్లీ పరీక్ష పెడుతుంది. ఖాళీలు కొన్నే, రాసేవాళ్లు లక్షల్లో ఉన్నప్పుడు వడపోత తప్పదన్న మాటా నిజమే. 2018 సెప్టెంబర్ 16న జరిగిన గ్రామ రెవెన్యూ అధికారి (వీఆర్వో) పరీక్షకు కావాల్సిన చదువు ఇంటర్మీడియట్. పోస్టులు 700. దరఖాస్తులు పది లక్షలు దాటాయి. అందులో డిగ్రీలవాళ్లు, పీజీలవాళ్లు, పీహెచ్‌డీలు చేసినవాళ్లు కూడా ఉన్నారు. రెండేళ్లు తిరిగేసరికి, 2020 సెప్టెంబర్‌లో రాష్ట్రంలో వీఆర్వో వ్యవస్థే రద్దయింది. 2023 జులై 1న గ్రూప్-4 రాతపరీక్ష జరిగితే 8,180 పోస్టులకు దరఖాస్తు చేసినవాళ్లు దాదాపు తొమ్మిదిన్నర లక్షల మంది. ఒక్కో కుర్చీకి నూట పదిహేను మందికి పైగా. దిల్‌సుఖ్‌నగర్ స్టడీ హాళ్ల కుర్చీల్లో కూర్చున్నది ఆ నూట పదిహేను మందే.

ఆ రెండో సాక్షి అయినా సూటిగా నిలబడ్డాడా? 2022 అక్టోబర్ 16న జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్, ప్రశ్నపత్రాలు లీకైన కారణంగా 2023 మార్చిలో రద్దయింది. జూన్ 11న మళ్లీ పెట్టారు. నిర్వహణలో లోపాలున్నాయని హైకోర్టు సెప్టెంబర్‌లో దాన్ని కూడా రద్దు చేసింది. ఒకే పరీక్షకు మూడుసార్లు సిద్ధమైన పిల్లల వయసు ఆ రద్దుల కోసం ఆగలేదు.

పట్టాను దాచుకోవాల్సిన రోజు కూడా వచ్చింది. ఒడిశాలో పంజాబ్ నేషనల్ బ్యాంకు ప్యూన్ ఉద్యోగాలకు ప్రకటన ఇస్తూ, పన్నెండో తరగతి పాసై ఉండాలి, డిగ్రీ మాత్రం ఉండకూడదు అంది. అప్పటికే డిగ్రీ పూర్తి చేసిన ఒక అభ్యర్థి ఆ సంగతి చెప్పకుండా దరఖాస్తు చేసి ఉద్యోగం తెచ్చుకున్నాడు. విషయం బయటపడి బ్యాంకు కాదంది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సమాచారం దాచడం తప్పేనని, అర్హత ఎంత ఉండాలో నిర్ణయించుకునే హక్కు యజమానిదేనని కోర్టు 2020 నవంబర్‌లో బ్యాంకు పక్షానే తీర్పు ఇచ్చింది. న్యాయం ప్రకారం ఆ తీర్పును తప్పుపట్టలేం. అబద్ధం మీద ఉద్యోగం నిలబడకూడదు. అయినా, చదువుకున్న సంగతి నేరంలా దాచుకుంటే తప్ప ప్యూన్ కొలువు దక్కదనుకున్న ఆ మనిషిని తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

ఈ పరుగుకు అర్థశాస్త్రంలో ఒక వివరణ ఉంది. మైకేల్ స్పెన్స్ 1973లో రాసిన ఒక వ్యాసంలో, చదువు మనిషి పనితనాన్ని ఏమాత్రం పెంచకపోయినా సరే, కష్టమైన చదువును దాటగలిగినవాడు చురుకైనవాడు అయి ఉంటాడన్న నమ్మకంతో యజమానులు పట్టాకు జీతం పెంచి ఇస్తారని చూపించాడు. 2001లో నోబెల్ అందుకున్న ముగ్గురు ఆర్థికవేత్తల్లో ఆయన ఒకడు. అందరి చేతుల్లోకీ పట్టా వచ్చేశాక అది ఇంకెవర్నీ విడిగా చూపించదు కదా. అప్పుడు పీజీ అడుగుతారు, తర్వాత ఇంకో పీజీ, తర్వాత కోచింగ్ సర్టిఫికెట్. బ్రిటిష్ సామాజికవేత్త రోనాల్డ్ డోర్ 1976లోనే దీన్ని ఒక జబ్బుగా గుర్తించి, ఆలస్యంగా ఎదగడం మొదలుపెట్టిన దేశాల్లో ఈ జబ్బు ఇంకా ముదురుతుందని రాశాడు. ఆయన పరిశీలించిన దేశాల్లో మన పొరుగున ఉన్న శ్రీలంక కూడా ఉంది. చైతన్యపురి వీధుల్లో నడిచేవారికి ఆ మాట కొత్తగా ఏమీ అనిపించదు.

మన రాజ్యాంగం కూడా పట్టా మీద ఒక పెద్ద నమ్మకం పెట్టుకుంది. 171వ అధికరణం ప్రకారం శాసనమండలి సభ్యుల్లో పన్నెండో వంతు మందిని ఎన్నుకునేది డిగ్రీ పొంది కనీసం మూడేళ్లయిన పట్టభద్రులు. పట్టా ఉన్నవాడికి మంచిచెడు తేల్చే వివేకం ఎక్కువ ఉంటుందని కదా దీని అర్థం? 1951 జనాభా లెక్కల నాటికి దేశంలో చదవడం రాయడం వచ్చినవాళ్లు నూటికి 18 మందే. ఆ రోజుల్లో ఆ ఊహ కొంత అర్థమవుతుంది. 2021 మార్చిలో మహబూబ్‌నగర్, రంగారెడ్డి, హైదరాబాద్ పట్టభద్రుల స్థానానికి ఎన్నిక జరిగింది. పోటీలో 93 మంది. బ్యాలెట్ పత్రం దినపత్రికంత అయింది. లెక్కింపు ఈ దిల్‌సుఖ్‌నగర్ పొరుగునే, సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియంలో రోజుల తరబడి సాగింది. ఇష్టమైన పేరు ఎదురుగా అంకె వేయడమే ఓటు. ఆ పని సరిగా జరగక చెల్లకుండా పోయిన ఓట్లు ఇరవై వేలకు పైనే. వేసినవాళ్లంతా పట్టభద్రులే. వాళ్లను తక్కువ చేయడానికి ఈ సంగతి చెప్పడం లేదు. పట్టా మీద పెట్టగూడని బరువు పెట్టామనడానికే చెబుతున్నాం. కూలి పనికి వెళ్లే తల్లి ఓటుకు ఇవ్వని గౌరవాన్ని ఆమె కొడుకు ఓటుకు ఇవ్వడానికి ఇవాళ ఏ కారణమూ మాకు కనిపించడం లేదు.

పెళ్లి శుభలేఖల్లో వరుడి పేరు పక్కన డిగ్రీ అచ్చు వేయడం మనకు అలవాటైపోయింది. కట్నం మాటల్లో దాని పాత్ర ఏమిటో ప్రతి ఇంటికీ తెలుసు. వీసాకూ అదే దారి అయింది. 2019 జనవరి చివర్లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం పేరు బయటికొచ్చింది. దానికి వెబ్‌సైటు ఉంది, ఆఫీసు ఉంది, ఫీజు రసీదులు ఉన్నాయి. టీచర్లు లేరు, తరగతులు లేవు. అక్రమంగా ఉంటున్నవాళ్లను, వాళ్లను చేర్పించే దళారులను పట్టుకోవడానికి అక్కడి ప్రభుత్వ విభాగమే నడిపిన వల అది. మొదటి విడతలో అరెస్టయిన 130 మందిలో 129 మంది భారతీయులు. వాళ్లలో ఎక్కువమంది తెలుగు పిల్లలు. ఒక ప్రభుత్వం బూటకపు కాలేజీ పెట్టి పిల్లల ఫీజులు తీసుకోవడం మాకు ఎప్పటికీ సమ్మతం కాదు. కానీ తరగతే లేని కాలేజీకి ఫీజు కట్టడం మన పిల్లలకు వింతగా తోచకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. తరగతికీ పట్టాకూ సంబంధం ఉండక్కర్లేదన్న పాఠం వాళ్లు విమానం ఎక్కకముందే నేర్చుకున్నారు. 2022 ఫిబ్రవరిలో హైదరాబాద్ పోలీసులు పట్టుకున్న నకిలీ సర్టిఫికెట్ల ముఠాల వ్యవహారంలో భోపాల్‌లోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం వాళ్లే చిక్కుకున్నారు. ఆ పట్టాల మీద ఉన్నది దొంగ ముద్ర కాదు, అసలు ముద్రే. ఇప్పుడు సర్టిఫికెట్ నకిలీదో కాదో ఆన్‌లైన్‌లో క్షణంలో తేల్చే ఏర్పాట్లు వచ్చాయి, డిజీలాకర్‌లో పట్టా ఫోన్లోనే దొరుకుతోంది. మంచిదే. కాగితం అసలుదని అవి చెబుతాయి. చదువు అసలుదని చెప్పగలిగింది చదువు చెప్పినవాళ్లే.

చెప్పినవాళ్లు కూడా చదువును వదిలేసి ఇంకేదో చూసిన రోజులున్నాయి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టాడు. శస్త్రచికిత్స చెప్పే బ్రాడ్‌ఫీల్డ్ అనే ప్రొఫెసర్‌కు అది కంటగింపైంది. సుబ్బారావు పరీక్షలు బాగా రాసినా పూర్తి ఎంబీబీఎస్ చేతికి రాలేదు. దానికంటే తక్కువైన ఎల్‌ఎంఎస్ సర్టిఫికెట్‌తో సరిపెట్టారు. ఆ సర్టిఫికెట్‌తో మద్రాసు వైద్య సర్వీసులో చోటు దొరకలేదు. ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పుకుని, తర్వాత అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశాడు. శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి 1925లో వాళ్లిద్దరి పేర్ల మీద వచ్చింది. కండరాలకు శక్తి ఎక్కడిదో తేల్చే పనిలో వాళ్లు ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటీపీని వెలికితీశారు. ఆ తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందాలు ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశాయి, బోదకాలుకు మందు ఇచ్చాయి, క్యాన్సర్ చికిత్సకు దారి వేశాయి. మద్రాసులో ఆయన చేతికిచ్చిన ఆ తక్కువ సర్టిఫికెట్ ఆయన గురించి ఏమీ చెప్పలేదు. ఒక తెల్లదొరకు ఖద్దరు నచ్చలేదన్న సంగతి మాత్రం నమోదు చేసింది.

ఆయన లాంటివాళ్లను చూపించి, పట్టాలెందుకు, ప్రతిభ ఉంటే చాలు అనేవాళ్ల మాటను మేం ఒప్పుకోం. ఇంట్లో నాలుగు తరాల చదువు ఉన్నవాళ్లకు ఆ మాట చెల్లుతుంది. ఇంటికి మొదటి పట్టా తెచ్చే అమ్మాయికి చెల్లదు. సిఫార్సు చేసే మేనమామ లేనివాళ్లకు, ఇంగ్లిషు ధారాళంగా రానివాళ్లకు, కులం పేరు చెబితే ఎదుటివాడి ముఖం మారే చోట పుట్టినవాళ్లకు ఆ కాగితం ఒక తలుపు తెరుస్తుంది. సుబ్బారావుకు హార్వర్డ్ తలుపు తెరుచుకోవడానికి ఆ తక్కువ సర్టిఫికెట్టయినా కావాల్సి వచ్చింది.

మరి పట్టా నిజంగా ధ్రువీకరించేది ఏమిటి? మార్కుల మెమోలో కనబడని సంగతులను ధ్రువీకరిస్తుంది. ఒక ఇల్లు మూడేళ్లపాటు ఎదిగిన బిడ్డ సంపాదన లేకుండా నెట్టుకొచ్చిందని ధ్రువీకరిస్తుంది. బస్‌పాసు పట్టుకుని హయత్‌నగర్ అవతలి పల్లె నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చిన పిల్ల మధ్యలో మానేయలేదని ధ్రువీకరిస్తుంది. 'డిగ్రీ అయ్యేదాకా సంబంధాలు చూడొద్దు' అని తండ్రితో గట్టిగా అనగలిగిన కూతురికి ఆ పట్టా మూడేళ్ల గడువు ఇచ్చింది. ఆ మూడేళ్లలో ఆమె ఎంత స్టాటిస్టిక్స్ నేర్చుకుందో మాకు తెలియదు, కానీ తన మాటకు బరువుందని నేర్చుకుంది. బ్యాక్‌లాగులు మిగిలిపోతే ట్యూషన్లు చెప్పుకుంటూ, దుకాణంలో లెక్కలు రాసుకుంటూ, ఏటా సప్లిమెంటరీ ఫీజు కట్టి ఒక్కొక్కటే గట్టెక్కించిన కుర్రాడి పట్టు కూడా అందులో ఉంది. అతని మెమో మీద ఎన్నో ప్రయత్నంలో పాసయ్యాడో చూసి యజమానులు పక్కన పెడతారు. మా లెక్కలో అలా పట్టు విడవని మనిషే పనికి ముందు కావాల్సినవాడు. ఇక వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎన్ని లక్షల పట్టాలకు కారణమైందో చూస్తే, ఆ కాగితం సమాజం తన పిల్లల మీద పెట్టిన సొమ్ముకు కూడా సాక్ష్యమే.

ఇవన్నీ నిజాలే. అయినా బోనులో నిలబడ్డ సాక్షి వీటిలో ఒక్కటీ చెప్పడం లేదు. తను చూడనిది చెబుతోంది, చూసినది మింగేస్తోంది. దీన్ని మార్చడానికి కొత్త విశ్వవిద్యాలయం అక్కర్లేదు. ఒక డిగ్రీ సెక్షన్‌లో అరవై మంది పిల్లలుంటారు. వాళ్లకు పాఠం చెప్పేవాళ్లు ఐదారుగురు ఉంటారు. చివరి ఏడాది ఒక్కో అధ్యాపకుడు పదీ పన్నెండు మంది గురించి, ఒక్కొక్కరికి ఒక్క పేజీ, తెలుగులోనో ఇంగ్లిషులోనో సొంతంగా రాసి సంతకం చేస్తే చాలు. ఈ అమ్మాయి ఏం తయారుచేసింది, ఎక్కడ తప్పింది, తప్పును ఎలా దిద్దుకుంది, ఏ పని అప్పగిస్తే నమ్మొచ్చు. కుల, మత, పలుకుబడి పక్షపాతాలు అందులోకి రావా అంటే వస్తాయి. అందుకే యూనివర్సిటీ మార్కులు తీసేయమనడం లేదు. వాటి పక్కన ఈ పేజీ ఉండాలంటున్నాం. ఆ పేజీ రాయాలంటే అధ్యాపకుడు ఆ పిల్లను ఏడాది పొడుగునా గమనించి ఉండాలి, కాలేజీ అతన్ని ఊళ్లమీద అడ్మిషన్లకు తిప్పకుండా తరగతిలో ఉంచాలి, నెల తిరిగేసరికి జీతం ఇవ్వాలి. ఆ ఒక్క పేజీ అడగడం మొదలుపెడితే ఈ మూడూ అడిగినట్టే.

ఉప్పల్, నాగోల్, ఎల్బీ నగర్‌లలో ఆస్పత్రులు, షోరూములు, చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులు, స్కూళ్లు ఎన్నో ఉన్నాయి. వాటి యజమానులు అరవై శాతం ఉంటేనే రమ్మనడం మాని, ఒకరోజు కూలి ఇచ్చి ఆ పని చేయించి చూడొచ్చు. 1971లో అమెరికా సుప్రీంకోర్టు డ్యూక్ పవర్ కంపెనీ కేసులో, పనికి సంబంధం లేని హైస్కూలు పట్టా అడిగి నల్లజాతి కార్మికులను మంచి ఉద్యోగాలకు దూరం పెట్టడం చెల్లదని ఏకగ్రీవంగా చెప్పింది. మన దగ్గర అలాంటి తీర్పు వచ్చేదాకా ఆగక్కర్లేదు. కోచింగ్ సెంటర్ మెట్ల మీద కూర్చున్న పిల్లలకు ఒకరోజు అవకాశం ఇవ్వడానికి చట్టం అడ్డురాదు.

చివరిగా, అన్నిటికంటే ముందు జరగాల్సిన పని ఒకటుంది. కోర్సు పూర్తయినా టీసీ, మెమోలు చేతికి రాని పిల్లలు ఈ స్టడీ హాళ్లలో ఉన్నారు. ప్రభుత్వం నుంచి రావాల్సిన రీయింబర్స్‌మెంట్ రాలేదు కాబట్టి ఆ మొత్తం మీరే కట్టి పట్టుకుపొమ్మని కొన్ని కాలేజీలు చెబుతున్నాయి. ఉద్యోగం వచ్చి వెరిఫికేషన్ రోజున ఒరిజినల్స్ చూపించలేక, వడ్డీకి తెచ్చి కట్టినవాళ్లున్నారు. ఆ బాకీ పిల్లలది కాదు. అది ప్రభుత్వానికీ యాజమాన్యానికీ మధ్య లెక్క. సాక్ష్యం చెప్పాల్సినవాళ్లే సాక్ష్యాన్ని తాకట్టు పెట్టుకోవడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకూడదని, చూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలని యూజీసీ 2018 అక్టోబర్‌లోనే స్పష్టంగా చెప్పింది. పిల్లల సర్టిఫికెట్లు బీరువాల్లో పెట్టుకున్న ప్రతి కాలేజీ, కొత్త అడ్మిషన్లకు బోర్డు కట్టేలోగా వాటిని వాళ్ల చేతికిచ్చేయాలి. ప్రభుత్వం ఆలోగా బకాయిలు చెల్లించాలి.